సొంత కస్టమ్ రోమ్ చేద్దామనుకుంటున్నారా? ముందు ఉన్న రోమ్‌నే మళ్లీ బిల్డ్ చేయండి

"అన్నా, నా ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి. సొంతంగా కస్టమ్ రోమ్ చేద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?" కాలేజీ జూనియర్ల దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇది. నేను చెప్పే సమాధానం చాలామందికి నచ్చదు. ఆ ఫోన్‌ని ప్రస్తుతానికి పక్కన పెట్టమంటాను. లీనేజ్ ఓఎస్ అఫీషియల్‌గా సపోర్ట్ చేసే ఫోన్ ఒకటి సంపాదించి, దానికి ఆల్రెడీ ఉన్న రోమ్‌నే, ఒక్క లైను కూడా మార్చకుండా, మీ మెషీన్‌లో సోర్స్ నుంచి బిల్డ్ చేసి ఎక్కించమంటాను.

"రెడీగా ఉన్న ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుంటే అయిపోయేదానికి రెండు రోజులు ఎందుకు తగలేయాలి?" అని వెంటనే అడుగుతారు. ఎందుకంటే, ఎవరూ ముట్టుకోని ఫోన్‌కి రోమ్ చేయడం మొదలుపెడితే, అది బూట్ అవ్వనప్పుడు తప్పు ఎక్కడుందో మీకు తెలీదు. కెర్నెల్‌లోనా, డివైస్ ట్రీలోనా, వెండర్ ఫైల్స్‌లోనా, మీ ఉబుంటు సెటప్‌లోనా, ఫ్లాష్ చేసిన పద్ధతిలోనా? అనుమానాలన్నీ ఒకేసారి మీద పడతాయి. అదే చాలామంది రోజూ వాడుతున్న రోమ్ మీ బిల్డ్‌లో మాత్రం బూట్ అవ్వలేదంటే, కోడ్‌ని పెద్దగా అనుమానించక్కర్లేదు. తేడా మీ మెషీన్‌లోనో, మీరు చేసిన స్టెప్పుల్లోనో ఉంటుంది. వెతకాల్సిన చోటు చిన్నదైపోతుంది. ఆఫీసులో కొత్త ప్రాజెక్ట్ చేతికొచ్చినా మేం చేసేది ఇదే కదా. ముందు ఉన్నది ఉన్నట్టు రన్ అవుతోందా చూసుకుని, ఆ తర్వాతే మన కోడ్ రాస్తాం.

రోమ్ అంటే లాక్‌స్క్రీన్ కాదు

రోమ్ చేయడమంటే కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ తెచ్చి, దానికి నచ్చిన ఐకాన్లు, స్టేటస్ బార్, రకరకాల గడియారాలు పెట్టడం అనుకుంటారు చాలామంది. ఆ భాగం నిజానికి తేలిక. గూగుల్ ఇచ్చే ఏఓఎస్‌పీ సోర్స్‌లో అదంతా ఓపెన్‌గా ఉంటుంది, జావా వచ్చినవాళ్లు ఒక వీకెండ్ కూర్చుంటే లాక్‌స్క్రీన్ గడియారం మార్చేయొచ్చు.

అసలు కష్టమంతా ఆ కోడ్‌ని ఒక ఫలానా ఫోన్ మీద నడిపించడంలో ఉంది. దానికి మూడు కావాలి. ఒకటి ఆ ఫోన్ కెర్నెల్. రెండోది డివైస్ ట్రీ. ఈ ఫోన్‌లో పార్టిషన్లు ఇవి, స్క్రీన్ ఇది, సెన్సర్లు ఇవి అని బిల్డ్ సిస్టమ్‌కి చెప్పే ఫోల్డర్ అది. మూడోది వెండర్ బ్లాబ్స్. కెమెరా, మోడెమ్, ఫింగర్‌ప్రింట్, జీపీయూ లాంటివి పనిచేయడానికి చిప్ కంపెనీ ఇచ్చే బైనరీలు. వీటికి సోర్స్ ఉండదు. ఉన్న ఫోన్‌లోంచి యథాతథంగా తీసుకోవడమే.

ఈ మూడో దాని దెబ్బ ఎలా ఉంటుందో మన దేశంలో జియో వచ్చాక బాగా తెలిసింది. 2016 సెప్టెంబర్‌లో జియో మొదలైనప్పుడు దానికి 2జీ లేదు, 3జీ లేదు, మొత్తం 4జీయే. అంటే కాల్ మాట్లాడాలంటే వోల్ట్ ఉండి తీరాలి. వోల్ట్‌ని నడిపించే ఐఎంఎస్ భాగం క్లోజ్డ్ బ్లాబ్స్‌లో ఉంటుంది. రోమ్‌లో అది సరిగ్గా కూర్చోకపోతే ఇంటర్నెట్ సూపర్‌గా వస్తుంది, యూట్యూబ్ నడుస్తుంది, కానీ ఇంటికి ఫోన్ చేయలేం. అందుకే ఇండియాలో ఏ కొత్త రోమ్ వచ్చినా మొదటి ప్రశ్న "బ్రో, వోల్ట్ పనిచేస్తుందా?" అనే ఉండేది. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ తెచ్చామన్న ఆనందం ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయేది.

ఇక్కడే ఇంకో మాట. 2023 జనవరిలో ఐఐటీ మద్రాస్ ఇంక్యుబేషన్‌లో పుట్టిన భరోస్ గురించి వార్తలొచ్చినప్పుడు, "ఇది ఏఓఎస్‌పీ మీద చేసిందే కదా, స్వదేశీ ఓఎస్ ఎలా అవుతుంది?" అని సోషల్ మీడియాలో తెగ ఆడిపోసుకున్నారు. నా దృష్టిలో అది అడగాల్సిన ప్రశ్న కాదు. లీనేజ్ ఓఎస్ ఏఓఎస్‌పీ మీదే ఉంది, గ్రాఫీన్ ఓఎస్ కూడా అంతే. పునాది ఎవరిదైనా పర్లేదు. ఏ ఫోన్లలో నడుస్తుంది, సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎన్నాళ్లపాటు ఎవరిస్తారు అన్నవే పట్టుకుని అడగాల్సినవి. మీరు చేయబోయే రోమ్‌కి కూడా అవే వర్తిస్తాయి.

ఏ ఫోన్ తీసుకోవాలి

బూట్‌లోడర్ అన్‌లాక్ అవ్వని ఫోన్‌తో ఈ పని అసలు మొదలే అవ్వదు. అన్‌లాక్ అంటే కంపెనీ సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని కూడా నడపడానికి ఫోన్ ఒప్పుకోవడం. అన్‌లాక్ చేసిన క్షణంలో ఫోన్‌లో డేటా మొత్తం చెరిగిపోతుంది కాబట్టి రోజూ వాడే ఫోన్ మీద ప్రయోగం వద్దు.

కంపెనీల తీరు ఒక్కోటి ఒక్కోలా ఉంది. పిక్సెల్, నథింగ్ ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేసి, ఫాస్ట్‌బూట్‌లో ఒక కమాండ్ ఇస్తే సరిపోతుంది. మోటరోలా చాలా మోడల్స్‌కి తన వెబ్‌సైట్ ద్వారా అన్‌లాక్ కోడ్ ఇస్తుంది. షావోమి ఒకప్పుడు రోమ్ డెవలపర్లకి పుట్టిల్లు లాంటిది. హైపర్ ఓఎస్ వచ్చాక కమ్యూనిటీ యాప్‌లో అప్లై చేయడం, రోజువారీ కోటా, ఆ పైన వెయిటింగ్... తత్కాల్ టికెట్ కథే. వివో అయితే మామూలు యూజర్లకి ఈ దారే ఇవ్వదు. సామ్‌సంగ్ 2025లో వన్ యూఐ 8తో అన్‌లాక్ ఆప్షన్‌నే తీసేసింది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా పడే గుంట ఒకటుంది. అమెరికా నుంచి అన్నయ్యో బావో తెచ్చిన పిక్సెల్ తక్కువకి దొరికిందని తీసుకుంటారు. అది వెరిజాన్ అమ్మిన మోడల్ అయితే బూట్‌లోడర్ అన్‌లాక్ అవ్వదు. సిమ్ లాక్ తీసేసినా సరే, ఇది వేరే తాళం. అమెరికాలో అమ్మిన స్నాప్‌డ్రాగన్ సామ్‌సంగ్ ఫోన్లదీ ఇదే పరిస్థితి. డబ్బులిచ్చే ముందే ఫోన్‌ని వైఫైకి కనెక్ట్ చేసి, డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఆ ఓఈఎం అన్‌లాకింగ్ బటన్ నొక్కడానికి వస్తోందా, బూడిద రంగులో ఆగిపోయిందా చూసుకోండి.

రెండోది, లీనేజ్ ఓఎస్ వికీలో ఆ ఫోన్ పేరు ఉండాలి, మెయింటెయినర్ యాక్టివ్‌గా ఉండాలి. ఇక్కడ నాకు పోకో ఎఫ్1 కథ చాలా ఇష్టం. 2018 ఆగస్టులో స్నాప్‌డ్రాగన్ 845తో రూ.20,999కి వచ్చింది. కంపెనీ ఆండ్రాయిడ్ 10 దగ్గర ఆపేసింది. కానీ అన్‌లాక్ అవుతుంది, కెర్నెల్ సోర్స్ ఉంది, ఆ చిప్ మీద పనిచేసే డెవలపర్లు బోలెడంత మంది. అందుకే కంపెనీ వదిలేశాక కూడా దానికి కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లు వస్తూనే వచ్చాయి. దానికంటే ఖరీదైన ఫోన్లు ఎన్నో డ్రాయర్లలో చచ్చిపడి ఉన్నాయి. తేడా హార్డ్‌వేర్‌లో లేదు, ఆ తాళంలో ఉంది.

అందుకే మన రివ్యూల మీద నాకో కంప్లైంట్ ఉంది, ఈ సైట్‌తో సహా. బెంచ్‌మార్క్ స్కోరు రాస్తాం, కెమెరా శాంపిల్స్ పెడతాం, డబ్బాలో చార్జర్ ఇచ్చారో లేదో కూడా రాస్తాం. ఈ ఫోన్ బూట్‌లోడర్ అన్‌లాక్ అవుతుందా, కంపెనీ కెర్నెల్ సోర్స్ పెట్టిందా అని ఒక్క లైను రాయం. లైనక్స్ కెర్నెల్ జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది. దాన్ని ఫోన్‌లో పెట్టి అమ్మే కంపెనీ అడిగినవాళ్లకి సోర్స్ ఇవ్వాల్సిందే, అది దయ కాదు. అప్‌డేట్లు ఆగిన తర్వాత కూడా ఫోన్ బతుకుతుందా లేదా అన్నది కొనేటప్పుడే తెలియాల్సిన విషయం.

లాప్‌టాప్ సరిపోతుందా?

నిజం చెప్పాలంటే, చాలామందిది సరిపోదు. ఏఓఎస్‌పీ బిల్డ్ చేయడానికి గూగుల్ డాక్యుమెంటేషన్ చెప్పే లెక్క 400 జీబీ ఖాళీ స్టోరేజ్, 64 జీబీ ర్యామ్. వాళ్ల 72 కోర్ల మెషీన్‌లో పూర్తి బిల్డ్‌కి సుమారు 40 నిమిషాలు, అదే 6 కోర్ల మెషీన్‌లో దాదాపు 6 గంటలు పడుతుందని అక్కడే రాశారు. 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌తో దీనిలోకి దిగకండి. 16 జీబీ ఉంటే పెద్ద స్వాప్ పెట్టుకుని, ఒకేసారి నడిచే జాబ్స్ సంఖ్య తగ్గించి, పాత బ్రాంచ్‌తో ప్రయత్నించొచ్చు. అయినా మధ్యలో మెమరీ చాలక బిల్డ్ చచ్చిపోవడం మామూలే. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మీద అసలొద్దు, ఎస్‌ఎస్‌డీ కావాలి. ఓఎస్ మాత్రం లైనక్సే.

ఇంకో ఖర్చు గురించి ఎవరూ చెప్పరు, డేటా. హిస్టరీ లేకుండా షాలో క్లోన్ పెట్టినా రెపో సింక్‌కి వంద జీబీ అటూ ఇటూ వేసుకోండి. రోజుకి 2 జీబీ ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెడితే యాభై రోజులు. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఫ్రెండ్ ఇల్లు వెతుక్కోండి. లేదంటే గంటల లెక్కన క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకోండి. నలుగురు కలిసి వేసుకుంటే భారం కాదు, పైగా డౌన్‌లోడ్ ఆ సర్వర్ స్పీడ్‌తో అయిపోతుంది. పని అయ్యాక సర్వర్‌ని డిలీట్ చేయడం మాత్రం మర్చిపోవద్దు, మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

విడిగా ఫోన్ కొనే పరిస్థితి లేకపోతే దానికీ దారి ఉంది. గూగుల్ కటిల్‌ఫిష్ అని ఒక వర్చువల్ డివైస్ ఇస్తుంది. ఏఓఎస్‌పీని దానికి బిల్డ్ చేసి లైనక్స్ మెషీన్‌లోనే బూట్ చేయొచ్చు. కాల్స్, కెమెరా లాంటి అసలు తలనొప్పులు అందులో తెలియవు గానీ, బిల్డ్ సిస్టమ్ అర్థం చేసుకోవడానికి బాగానే ఉంటుంది.

బ్రేక్‌ఫాస్ట్, బ్రంచ్

కమాండ్లన్నీ ఇక్కడ పెట్టను. లీనేజ్ వికీలో ప్రతి ఫోన్‌కీ విడిగా బిల్డ్ గైడ్ ఉంది, యూట్యూబ్ వీడియోల కంటే అదే నయం. ఎందుకంటే వీడియో పాతబడుతుంది, గైడ్‌ని అప్‌డేట్ చేస్తుంటారు. క్లుప్తంగా అయితే, రెపోతో సోర్స్ తెచ్చుకుంటారు. బ్రేక్‌ఫాస్ట్ అనే కమాండ్‌తో మీ ఫోన్ డివైస్ ట్రీ, కెర్నెల్ దిగుతాయి. బ్లాబ్స్ తీసుకుంటారు. బ్రంచ్ అంటే బిల్డ్ మొదలవుతుంది. లంచ్ అనే కమాండ్ ఏఓఎస్‌పీలోదే. బ్రేక్‌ఫాస్ట్, బ్రంచ్ కస్టమ్ రోమ్ వాళ్లు చేర్చినవి. డివైస్ ట్రీలు తెచ్చిపెట్టే స్క్రిప్ట్ పేరు రూమ్ సర్వీస్. పేర్లు పెట్టినవాళ్లు ఆకలి మీద ఉన్నట్టున్నారు.

సీక్యాష్ మాత్రం మొదటి రోజే ఆన్ చేసుకోండి, రెండో బిల్డ్ నుంచి బోలెడు టైమ్ మిగులుతుంది. ఫ్లాష్ చేసే ముందు మోడెమ్, ఐఎంఈఐ వివరాలుండే పార్టిషన్ల బ్యాకప్ తీసే పద్ధతి మీ మోడల్‌కి ఏదో చూసుకుని తీసి పెట్టుకోండి. అవి పోతే ఫోన్‌లో నెట్‌వర్క్ రాదు.

బూట్ అయింది అనుకుందాం. ఇప్పుడు ఒక్కటంటే ఒక్క చిన్న మార్పు చేయండి. నేనైతే తెలుగుతో మొదలుపెట్టమంటాను. సెట్టింగ్స్ యాప్ సోర్స్‌లో భాషల ఫోల్డర్లు ఉంటాయి, మనది వాల్యూస్-టీఈ. అందులో స్ట్రింగ్స్ ఫైల్ తెరిస్తే మీ ఫోన్ సెట్టింగ్స్‌లో కనిపించే తెలుగు మాటలన్నీ ఉంటాయి. కొన్ని చదివితే ఎవరు మాట్లాడతారు ఈ తెలుగు అనిపిస్తుంది. ఆ ముక్క మీకు నచ్చినట్టు మార్చి, మళ్లీ బిల్డ్ చేసి, ఫోన్‌లో తెరిచి చూడండి. ఒక చిన్న పదం మారడానికి ఎన్ని మెట్లు దాటిందో అప్పుడు తెలుస్తుంది. లీనేజ్ వాళ్లు తమ సొంత యాప్‌లు, ఫీచర్ల అనువాదాలు క్రౌడిన్‌లో చేస్తారు. కోడ్ రాయకుండానే అక్కడ తెలుగు సరిదిద్దొచ్చు, అదీ నిజమైన కాంట్రిబ్యూషనే.

వేరేవాళ్లకి ఇవ్వకండి, ఇప్పుడే కాదు

మొదటి బిల్డ్ బూట్ అవ్వగానే అందరికీ ఒకటే తొందర. ఒక పేరు, ఒక లోగో, ఒక టెలిగ్రామ్ గ్రూప్, "స్టేబుల్ బిల్డ్, బగ్స్ ఉంటే మీరే చెప్పండి" అని పోస్ట్. ఈ విషయంలో నేను కొంచెం కటువుగానే ఉంటాను.

మామూలుగా బిల్డ్ చేస్తే వచ్చే రోమ్ టెస్ట్ కీస్‌తో సైన్ అయి ఉంటుంది. ఆ కీస్ ఏఓఎస్‌పీ సోర్స్‌లోనే ఉన్నాయి, అంటే ప్రపంచంలో ఎవరి దగ్గరైనా ఉంటాయి. అదే కీతో ఎవరైనా ఒక యాప్‌ని సైన్ చేసి ఆ ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేయించగలిగితే, సిస్టమ్ యాప్‌కి ఉండే అధికారాలు దానికి దొరుకుతాయి. ఇక ఏదో ఒకటి పనిచేయడం లేదని ఎస్ఈ లైనక్స్‌ని పర్మిసివ్‌లో పెట్టేసి రిలీజ్ చేసేవాళ్లు ఉంటారు. వాచ్‌మన్‌ని ఉద్యోగంలోనే ఉంచి, ఎవరినీ ఆపొద్దని చెప్పడం లాంటిది అది. మీ బిల్డ్ ఎక్కించుకున్న మనిషి అందులో తన మెయిల్, ఫోటోలు, బ్యాంక్ ఓటీపీలు పెడతాడు. మిమ్మల్ని నమ్మే పెడతాడు. సొంత కీస్ తయారు చేసుకుని సైన్ చేయడం, నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు కలపడం మీకు అలవాటయ్యేదాకా ఆ రోమ్ మీ ఫోన్ దాటి వెళ్లకూడదు.

వేరేవాళ్ల డివైస్ ట్రీ తెచ్చి, గిట్‌లో వాళ్ల పేర్లు తుడిచేసి, తమ పేరుతో పెట్టుకునేవాళ్లూ తక్కువేం లేరు. క్రెడిట్ సంగతి అలా ఉంచండి, ఎవరు ఏ లైను ఎందుకు మార్చారన్న చరిత్రే పోతుంది. రేపు బగ్ వస్తే అడగడానికి మనిషే ఉండడు. ఇంకోటి, మీరు మార్చిన కెర్నెల్‌తో రోమ్ పంచితే సోర్స్ మీరూ పెట్టాలి. కంపెనీలని తిట్టడానికి వాడే అదే జీపీఎల్ మనకీ వర్తిస్తుంది.

బ్యాంక్ యాప్‌ల ప్రశ్న ఎలాగూ వస్తుంది. బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉంటే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ చెక్‌లో ఫోన్ సర్టిఫైడ్ కాదని తేలుతుంది. దాన్ని పట్టించుకునే యాప్‌లు ఆగిపోతాయి, పట్టించుకోనివి నడుస్తాయి. 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆ పై వెర్షన్లలో ఈ చెక్ హార్డ్‌వేర్ ఆధారంగా ఇంకా గట్టిపడింది. ఎక్కడో లీకైన కీస్ పెట్టి దీన్ని మోసం చేసే మాడ్యూల్స్ తిరుగుతుంటాయి. ఇవాళ పనిచేస్తాయి, రేపు ఆ కీ బ్లాక్ అవుతుంది. ఎవరి కీనో, ఎవరి కోడో తెలియని ఫోన్‌లో యూపీఐ పెట్టుకోవడం నాకైతే సమ్మతం కాదు. డబ్బు వ్యవహారాలు స్టాక్ ఫోన్‌లో, ప్రయోగాలు ఇందులో.

ఇంకా విలువ ఉందా?

"కస్టమ్ రోమ్‌ల పని అయిపోయింది కదా, ఇప్పుడు నేర్చుకుని ఏం లాభం?" అనేవాళ్ల మాటలో సగం నిజం ఉంది. 2025 మార్చిలో గూగుల్ ఆండ్రాయిడ్ డెవలప్‌మెంట్ మొత్తం లోపలి బ్రాంచుల్లోకి మార్చుకుంటున్నట్టు చెప్పింది. అదే ఏడాది జూన్‌లో ఆండ్రాయిడ్ 16 సోర్స్ వచ్చినప్పుడు అంతకుముందు ఇస్తూ వచ్చిన పిక్సెల్ డివైస్ ట్రీలు అందులో లేవు. రిఫరెన్స్‌కి కటిల్‌ఫిష్ ఉంది కదా అన్నారు. 2026 నుంచి సోర్స్ ఏడాదికి రెండుసార్లే. ఒకవైపు కంపెనీలు తాళాలు బిగిస్తున్నాయి, ఇంకోవైపు గూగుల్ తలుపు సగం మూస్తోంది. రోమ్ మెయింటెయిన్ చేసేవాళ్లకి ఇది నిజంగా ఎక్కువ చాకిరీ.

నేర్చుకునేవాళ్ల సంగతి మాత్రం వేరు. వేలమంది వాడిన పాత ఫోన్ల ట్రీలు, కెర్నెల్‌లు, వాటి కమిట్ హిస్టరీ అన్నీ ఓపెన్‌గా ఉన్నాయి. 2009లో ఒక హెచ్‌టీసీ ఫోన్ కోసం స్టీవ్ కాండిక్ మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ 2016 డిసెంబర్‌లో మూతపడితే, ఆ కోడ్ తీసుకునే లీనేజ్ ఓఎస్ లేచింది. కంపెనీ పోయినా కోడ్ మిగిలింది. కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ రాసి పాసైన మనలో చాలామందికి ఇనిట్ ప్రాసెస్ ఏం చేస్తుందో, డ్రైవర్‌కీ యాప్‌కీ మధ్య హాల్ లేయర్ ఎందుకుందో చేతికి తగిలేది ఇలాంటి పనిలోనే. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్ లాంటి చిప్ కంపెనీలో బీఎస్‌పీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి, బూట్ అవ్వని ఫోన్ లాగ్ చదివిన అనుభవం ఏ ఆన్‌లైన్ సర్టిఫికెట్ కంటే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఇదంతా అయ్యాక, మొదట పక్కన పెట్టమన్న ఆ ఫోన్‌ని బయటికి తీయొచ్చు. దాని ప్రాసెసర్ ఏదో చూడండి. అదే ప్రాసెసర్‌తో, వీలైతే అదే కంపెనీ నుంచి వచ్చిన, లీనేజ్ సపోర్ట్ ఉన్న ఇంకో ఫోన్ వెతకండి. రెండూ ఒకే చిప్ కాబట్టి కామన్ ట్రీ చాలావరకు పనికొస్తుంది. మారేవి ఎక్కువగా డిస్‌ప్లే, కెమెరా సెన్సర్లు, ఆడియో, ఫింగర్‌ప్రింట్, పార్టిషన్ సైజులు. కంపెనీ ఇచ్చిన మీ ఫోన్ కెర్నెల్ సోర్స్‌ని ఒకవైపు, ఆ ఫోన్ ట్రీని ఇంకోవైపు తెరిచి పెట్టుకుని, ముందుగా బోర్డ్ కాన్ఫిగ్ ఫైల్‌లో పార్టిషన్ సైజుల దగ్గర్నుంచి సరిచూసుకుంటూ రండి.